కిక్‌బాక్సింగ్ ఎలా మొదలుపెట్టాలి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొత్త అభ్యాసకుల కోసం

విజయనగరంలో ఒక మైదానం అంచున తెల్లవారుజామున నేను కిక్‌బాక్సింగ్ నేర్పుతుంటాను. కొత్తగా చేరినవారు పదో తరగతి పిల్లలైనా, నలభై దాటిన ఉద్యోగులైనా, మొదటి రోజే అడిగే ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, బ్యాగ్ ఎప్పుడు కొట్టనిస్తారు?" బ్యాగ్ అంటే గుద్దులు, తన్నులు సాధన చేయడానికి వేలాడదీసే సంచి. మూడు వారాల తరువాత అని చెబితే కొందరి ముఖాలు చిన్నబోతాయి. ఆ మూడు వారాలు ఎందుకు ఆగాలి, ఆ తరువాత ఏం చేయాలి, ఈ విద్య ఎక్కడ పుట్టింది, దీనివల్ల శరీరానికి కలిగే మేలు ఎంత అన్న సంగతులను ఒక క్రమంలో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. దగ్గరలో శిక్షణ కేంద్రం లేక, ఫోనులో వీడియోలు చూసి ఒంటరిగా మొదలుపెట్టేవారు మన ఊళ్ళలో ఉన్నారు గనుక, వారికీ పనికివచ్చేలా విడమరిచి చెబుతాను.

ముందుగా, మీరు నేర్చుకోబోయేది ఏమిటో తెలుసుకోండి

కిక్‌బాక్సింగ్ వేల ఏళ్ళ నాటి ప్రాచీన విద్య అని కొందరు చెబుతుంటారు. దాని మూలాల్లో పాత విద్యలు ఉన్న మాట నిజమే కాని, కిక్‌బాక్సింగ్ అనే క్రీడ మాత్రం మన తాతల కాలంలో జపాన్‌లో రూపుదిద్దుకొన్నది. అప్పటి కరాటే పోటీల్లో దెబ్బను ఎదుటివాడికి తగలకముందే ఆపవలసి ఉండేది. దెబ్బ నిజంగా తగిలే పోటీ ఉంటే తప్ప విద్యలోని బలం తెలియదని భావించిన తాత్సువో యమాడా అనే కరాటే గురువు, థాయ్‌లాండ్‌వారి పోరాట విద్య ముయే థాయ్‌ను శ్రద్ధగా పరిశీలించి, 1959లో ఒక కొత్త క్రీడను ప్రతిపాదించాడు. ఆయన దానికి తాత్కాలికంగా పెట్టుకొన్న పేరు 'కరాటే బాక్సింగ్'. బాక్సింగ్ పోటీలు నిర్వహించే ఒసాము నొగుచి ఆ ఆలోచనను అందిపుచ్చుకొని 'కిక్‌బాక్సింగ్' అన్న పేరును స్థిరపరిచాడు. 1960ల తొలి ఏళ్ళలో ముగ్గురు జపాన్ కరాటే యోధులు బ్యాంకాక్‌లోని లుంపినీ స్టేడియానికి వెళ్ళి ముయే థాయ్ యోధులతో తలపడ్డారు. ఇద్దరు గెలిచారు, కెంజి కురొసాకి ఓడిపోయాడు. 1966 ఏప్రిల్ 11న ఒసాకా నగరంలో తొలి కిక్‌బాక్సింగ్ పోటీలు జరిగాయి. టీవీ ప్రసారాలతో తదాషి సవామురా అనే యోధుడు జపాన్‌లో ఇంటింటా తెలిసిన పేరయ్యాడు.

ఆ తరువాత ఈ విద్య రెండు దారుల్లో విస్తరించింది. అమెరికాలో 1970లలో 'ఫుల్ కాంటాక్ట్ కరాటే'గా ఎదిగినప్పుడు నడుముకు పైన మాత్రమే తన్నాలన్న నియమం వచ్చింది. పోటీదారులు పిడికిళ్ళకే పరిమితమైపోతున్నారని, రౌండుకు కనీసం 8 తన్నులు తన్నితీరాలన్న నిబంధన కూడా పెట్టారు. నెదర్లాండ్స్‌లో మరొక దారి పట్టింది. జపాన్‌లో కురొసాకి దగ్గర నేర్చుకొని వచ్చిన యాన్ ప్లాస్ 1978లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మెజిరో జిమ్‌ను స్థాపించాడు. వరుసగా మూడు నాలుగు గుద్దులు వేసి, ఎదుటివాడి దృష్టి పైన ఉండగా తొడ మీద తన్నుతో ముగించే పద్ధతి అక్కడివారి ముద్ర. జపాన్‌లోనే 1993లో మొదలైన కె-1 పోటీలు ఈ ధోరణులన్నిటినీ ఒకే రింగులోకి తెచ్చాయి. 1976లో ఏర్పడిన ప్రపంచ సంఘం వాకోకు 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపునిచ్చింది. గుర్తింపు వేరు, ఒలింపిక్స్‌లో పతకాల క్రీడగా చేరడం వేరు. ఆ రెండవది ఇంకా జరగలేదు, కాబట్టి "ఒలింపిక్స్‌కు పంపిస్తాం" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ చరిత్ర మీకు ఎందుకు పనికివస్తుందంటే, మీ గురువు ఏ దారి నుంచి వచ్చాడన్నదాన్ని బట్టి మీ కాలు ఎక్కడ తగలాలి, మీ చేయి ఎక్కడ ఉండాలి అన్నవి మారిపోతాయి. పాయింట్ ఫైటింగ్, లైట్ కాంటాక్ట్, కిక్ లైట్ అనేవి చాప మీద ఆడే పోటీలు, వాటిలో దెబ్బను అదుపు చేయడమే నైపుణ్యం. ఫుల్ కాంటాక్ట్, లో కిక్, కె-1 అనేవి రింగులో పూర్తి బలంతో ఆడేవి. లో కిక్‌లో తొడ మీద తన్నవచ్చు, కె-1లో మోకాలితో కూడా పొడవవచ్చు. మోచేయి మాత్రం వీటిలో వేటిలోనూ పనికిరాదు. అది ముయే థాయ్ సొత్తు. వీడియోలో ఒక దారి, మైదానంలో మరొక దారి నేర్చుకొంటే ఆరు నెలల తరువాత రెండూ రాకుండా పోతాయి.

మన ప్రాంతానికి బలాన్ని ఆరాధించడం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు పేరు మీదే శ్రీకాకుళం స్టేడియం ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లున్న ఊరుగా పేరు తెచ్చుకొంది. నా చిన్నతనంలో మా వీధి గరిడీలో కర్రసాము నేర్పిన పెద్దాయన నెల రోజులపాటు కర్ర ముట్టుకోనివ్వలేదు, అడుగులే వేయించారు. జపాన్‌లో పుట్టిన విద్యకూ ఆయన గరిడీకీ చుట్టరికం లేదు కాని, పునాది విషయంలో మాత్రం రెండూ ఒక్క మాటే చెబుతాయి.

శరీరం స్థితిని, ఎండను లెక్కలోకి తీసుకోండి

మొదలుపెట్టే ముందు వారం రోజుల్లో రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. గుండెజబ్బు, ఉబ్బసం, మూర్ఛ, పాత మోకాలి గాయం ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు.

శ్రీకాకుళం జిల్లావారికి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల వారు, అంటే ఉద్దానం వారు, కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి. అక్కడ మూత్రపిండాల జబ్బు లక్షణాలేవీ బయటపడకుండానే ముదురుతుంది. చూడడానికి దృఢంగా ఉన్న యువకుడిలోనూ అది ఉండవచ్చు. ఆ స్థితిలో ఎండలో విపరీతంగా చెమటోడ్చి, నీళ్ళు తాగక, ఒళ్ళు నొప్పులని మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకొంటే కిడ్నీలకు కలిగే హాని చిన్నది కాదు. ఆరోగ్యవంతులైనా సరే, సాధన నొప్పులకు నొప్పి మాత్ర అలవాటు చేసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. కొబ్బరి నీళ్ళు మంచివే కాని వాటిలో పొటాషియం ఎక్కువ, కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారికి అవి హాని చేయవచ్చు. ప్రోటీన్ పొడుల విషయంలో కూడా వారు డాక్టరు మాటనే అనుసరించాలి.

మన తీరప్రాంతంలో ఉక్క ఎక్కువ. గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు చెమట కారుతుంది గాని ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందువల్ల మార్చి నుంచి జూన్ వరకు ఉదయం 5 గంటల నుంచి 6:30 లోపు, లేదా పొద్దు వాలిన తరువాత మాత్రమే సాధన చేయండి. సాధనకు ముందు ఒక గ్లాసు నీళ్ళు, మధ్యమధ్య గుక్కెడు చొప్పున, ముగిసిన తరువాత ఉప్పు వేసిన పలుచని మజ్జిగో గంజో తీసుకోండి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా, మాట తడబడినా వెంటనే నీడలోకి చేర్చి తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలవాటు లేని శరీరంతో మొదటి రోజే వందల గుంజీలు తీసి, మరునాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, అది కండరం దెబ్బతిని కిడ్నీలపై భారం పడుతున్న సూచన. ఇంట్లో కూర్చోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

చోటును, గురువును ఎంచుకోండి

కళింగపట్నం, చింతపల్లి వంటి బీచ్‌లలో సాధన చేయాలని యువకులకు ఉత్సాహం ఉంటుంది. పరుగుకు, అడుగుల సాధనకు నీటి అంచున గట్టిపడిన తడి ఇసుక బాగుంటుంది. కాని మెత్తటి ఇసుకలో రౌండ్ కిక్, అంటే నడుము తిప్పుతూ కాలును పక్క నుంచి అడ్డంగా విసిరే తన్ను, తన్నవద్దు. నేల మీద ఉన్న పాదం తిరగవలసిన చోట ఇసుక దాన్ని పట్టేస్తుంది, నడుము తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. నున్నటి టైల్స్ చెమటకు జారుతాయి. గరుకు సిమెంటు అరికాలి తోలు తీస్తుంది. రబ్బరు చాపలు దొరికితే మేలు, దొరకకపోతే రాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి చదును చేసిన మట్టి నేల చాలు.

గురువును కలిసినప్పుడు నాలుగు విషయాలు మొహమాటం లేకుండా అడగండి. ఏ నియమాల కిక్‌బాక్సింగ్ నేర్పుతారు? చేరిన ఎన్నాళ్ళకు స్పారింగ్, అంటే ఎదురుగా మనిషితో తలపడే సాధన, చేయిస్తారు? పిల్లలకు తల మీద దెబ్బలు అనుమతిస్తారా? గాయమైతే ఏం చేస్తారు? చేరిన వారానికే స్పారింగ్ అని చెప్పే చోటు నుంచి వెనక్కి వచ్చేయండి. ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు మొదటి రెండు మూడు రోజులు పక్కన కూర్చొని చూడాలి. చూడవద్దనే గురువు మీ బిడ్డకు గురువు కాలేడు.

చేతికట్టు కట్టుకోవడం నేర్చుకోండి

పంతొమ్మిదేళ్ళ వయసులో నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. బ్యాగ్ కొనడానికి డబ్బుల్లేక ఒక గోనెసంచిలో నాగావళి ఇసుక నింపి చింతచెట్టు కొమ్మకు వేలాడదీశాను. నాలుగు రోజుల్లో ఇసుక అంతా అడుగుకు దిగి రాయిలా బిగుసుకుపోయింది. చేతికి ఏ కట్టూ లేకుండా ఆ రాతి మీద బలంగా ఒక గుద్దు వేసినప్పుడు మణికట్టు లోపలికి మడత పడింది. ఆరు వారాలు పిండికట్టుతో ఉన్నాను. చేయి వాచిన మొదటి రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా దాచడం ఇంకా పెద్ద తప్పు.

కాబట్టి బ్యాగ్‌లో ఇసుక నింపకండి. మందపాటి టార్పాలిన్ సంచి కుట్టించి, టైలర్ల దగ్గర మిగిలిపోయే గుడ్డముక్కలను, పాత దుప్పట్లను, గుండీలు జిప్పులు తీసేసిన పాత బట్టలను పొరలు పొరలుగా కూరి, ప్రతి పొరనూ రోకలితో దట్టించండి. పిడికిలి దిగబడేంత మెత్తగానూ, తిరిగి తన్నేంత గట్టిగానూ కాకుండా, బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేలా ఉంటే సరిపోతుంది.

చేతికట్టుకు నాలుగున్నర మీటర్ల పొడవున్న పట్టీ తీసుకోండి. పట్టీ చివరి ఉచ్చును బొటనవేలికి తగిలించి, పట్టీని అరచేతి వైపు నుంచి కాకుండా చేతి వెనుకవైపు నుంచి మణికట్టుకు తీసుకుపోండి. అలా చేస్తే పిడికిలి బిగించినప్పుడు పట్టీ బిగుస్తుంది, వదలదు. మణికట్టు చుట్టూ మూడు చుట్లు తిప్పండి. అక్కడి నుంచి చేతి వెనుకగా ఏటవాలుగా తెచ్చి వేలి కణుపుల మీదుగా మూడు చుట్లు వేయండి. ఈ సమయంలో వేళ్ళు బార్లా చాచి ఉంచాలి, ముడుచుకొని కడితే తరువాత వదులైపోతుంది. తిరిగి మణికట్టుకు వచ్చి, అక్కడి నుంచి చిటికెనవేలికి ఉంగరం వేలికి మధ్య, మళ్ళీ మణికట్టు, ఆ తరువాత ఉంగరం వేలికి నడిమివేలికి మధ్య, మళ్ళీ మణికట్టు, చివరగా నడిమివేలికి చూపుడువేలికి మధ్య దూర్చండి. బొటనవేలి చుట్టూ ఒక చుట్టు తిప్పి, మిగిలిన పట్టీని మణికట్టుకు చుట్టి అంటించండి. ఇప్పుడు పిడికిలి బిగించి చూడండి. చేయి నిండుగా, మణికట్టు బిర్రుగా ఉండాలి. వేళ్ళు చాచినప్పుడు హాయిగా ఉండాలి. గోళ్ళు నీలంగా మారుతుంటే విప్పి మళ్ళీ కట్టండి. మొదటి వారమంతా రోజుకు రెండుసార్లు కడుతూ విప్పుతూ ఉంటే, ఆ తరువాత చీకట్లో కూడా కట్టగలుగుతారు.

మిగిలిన సామగ్రి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బ్యాగ్‌కు 10 లేదా 12 ఔన్సుల గ్లవ్స్, స్పారింగ్‌కు 14 లేదా 16 ఔన్సులవి, మోకాలి కింద ముందరి ఎముకను కాచే షిన్ గార్డులు, వేడినీళ్ళలో మెత్తబరచి పళ్ళకు అచ్చుకట్టుకొనే మౌత్ గార్డు, మగవారికి గజ్జల భాగాన్ని కాచే గ్రోయిన్ గార్డు కావాలి. స్పారింగ్ మొదలయ్యే వరకు చేతికట్టు, ఒక జత గ్లవ్స్ చాలు.

నిలబడడం, నడవడం

నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. మీరు కుడిచేతివాటం అయితే ఎడమ పాదం గీతకు ఎడమవైపున ముందుగా, కుడి పాదం గీతకు కుడివైపున వెనుకగా, భుజాల వెడల్పున ఉంచండి. వెనుక మడమ కాగితం దూరేంత పైకి లేవాలి. మోకాళ్ళు బిగపట్టకూడదు. గడ్డం కిందికి దించి, రెండు పిడికిళ్ళను చెక్కిళ్ళ దగ్గర, మోచేతులను డొక్కలకు అడ్డంగా ఉంచండి. ఇప్పుడు ఎవరినైనా మీ భుజాన్ని ముందు నుంచీ పక్క నుంచీ మెల్లగా తోయమనండి. తూలితే పాదాలు ఒకే గీత మీదికి వచ్చేశాయని అర్థం, సవరించుకోండి.

నడకకు ఒక్కటే సూత్రం. ఎటు వెళుతున్నారో ఆ వైపు పాదం ముందు కదలాలి, రెండవది జరిగి పాత దూరానికి రావాలి. ముందుకైతే ముందు పాదం, వెనక్కైతే వెనుక పాదం. పాదాలు ఎన్నడూ కత్తెర పడకూడదు, ఎందుకంటే పాదాలు అడ్డదిడ్డంగా ఉన్న క్షణంలో తగిలిన చిన్న దెబ్బ కూడా మనిషిని కింద పడేస్తుంది. రెండు నిమిషాల నడక, ఒక నిమిషం విశ్రాంతి, ఇలా మూడుసార్లు చేయండి. అమెచ్యూర్ పోటీల్లో రౌండు కొలత కూడా సాధారణంగా ఇదే గనుక మొదటి నుంచే ఊపిరి ఆ లయకు అలవాటు పడుతుంది. ఈ మూడు వారాల్లో మీ పిక్కలు, చీలమండలు గట్టిపడతాయి. బ్యాగ్ మీద పడే ప్రతి దెబ్బకూ ఎదురుగా నేల మీద ఆనేది అవే.

గుద్దు, తన్ను

జాబ్ అనేది ముందు చేత్తో నేరుగా వేసే గుద్దు. భుజం ముందుకు జరిగి గడ్డానికి కాపు కావాలి, పిడికిలి చివరి క్షణంలో తిరిగి అరచేయి నేలవైపు రావాలి, చూపుడువేలు, నడిమివేలు కణుపులతో తగలాలి. చేయి వెళ్ళిన దారినే వెళ్ళినంత వేగంగా తిరిగి చెక్కిలి దగ్గరకు రావాలి. క్రాస్ అనేది వెనుక చేత్తో వేసేది. దాని బలం చేతిలో ఉండదు. వెనుక పాదం మునివేళ్ళ మీద తిరగగా తుంటి తిరుగుతుంది, తుంటి భుజాన్ని తిప్పుతుంది, భుజం చేతిని విసురుతుంది. ఈ రెండూ బాక్సింగ్ నుంచి వచ్చినవి. నెల రోజులు ఈ రెండే చేయండి. పక్క నుంచి వేసే హుక్, కింద నుంచి పైకి వేసే అప్పర్‌కట్ తరువాత వాటంతట అవే సులువుగా వస్తాయి.

తన్నుల్లో ముందు ఫ్రంట్ కిక్ నేర్చుకోండి. మోకాలిని ఛాతీ వైపు లేపి, తుంటిని ముందుకు తోస్తూ, పాదం ముందుభాగంతో తలుపును నెట్టినట్టు నెట్టాలి. మోకాలు లేపకుండా కాలును కింద నుంచి ఊపితే అది తన్ను కాదు.

రౌండ్ కిక్ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. తన్నే కాలు గురించి అందరూ ఆలోచిస్తారు, అసలు పని నిలబడిన కాలిది. దీన్ని మొదట గోడ పట్టుకొని చేయండి. ఎడమచేత్తో గోడను ఆనుకొని, ఎడమ పాదం మడమను లేపి, మునివేళ్ళ మీద తిరుగుతూ మడమ లక్ష్యం వైపు వచ్చేలా తిప్పండి. మీ వెనుక నిలబడినవారికి మీ మడమ కాక కాలివేళ్ళు కనిపించాలి. అలా తిరిగిన క్షణంలోనే కుడి తుంటి బంధం విప్పినట్టు తెరుచుకొని, కాలు తనంతట తాను అడ్డంగా లేస్తుంది. పాదం తిప్పకుండా కాలు లేపి చూస్తే తుంటి దగ్గర ఏదో అడ్డుపడినట్టు పట్టేస్తుంది. ఈ తేడాను మీ ఒంట్లో మీరే పట్టుకొన్న రోజున సగం విద్య వచ్చినట్టే. వారం రోజులు గోడ దగ్గర, వైపుకు ముప్పై చొప్పున, కొట్టకుండా కేవలం తిరగండి. ఆ తరువాత బ్యాగ్ మీద నడుము ఎత్తులో, బలంలో మూడో వంతుతో మొదలుపెట్టండి. తగలవలసింది మోకాలి కింద ముందరి ఎముక దిగువ సగం, కాలివేళ్ళు కాదు. పాదం పైభాగంలో సన్నని ఎముకలు ఉంటాయి, గట్టి బ్యాగ్ మీద అవి చిట్లుతాయి. ఆ ముందరి ఎముక గట్టిపడాలని సీసాలతో, కర్రలతో రుద్దుకొనే మూఢపద్ధతి కొన్నిచోట్ల ఉంది. దానివల్ల గాయాలు తప్ప ఏమీ రావు. నెలల తరబడి బ్యాగ్ మీద క్రమంగా తన్నుతూ ఉంటే ఎముక తనంతట తానే సాంద్రత పెంచుకొంటుంది.

వారంలో మూడు రోజులు, రోజుకు గంట చాలు. పది నిమిషాలు స్కిప్పింగ్, కీళ్ళ కదలికలు, పదిహేను నిమిషాలు నిలకడ, నడక, ఇరవై నిమిషాలు గుద్దులు, తన్నులు, పది నిమిషాలు గుంజీలు, దండీలు, చివరి ఐదు నిమిషాలు మెల్లగా కండరాలు సాగదీయడం. బిగువుగా సాగదీసే ఆసనాలను మొదట్లో కాకుండా చివర్లో ఉంచుకోండి. చద్దన్నం, పెరుగు, చోడి అంబలి, గుడ్లు, పెసలు, చేపలు తినేవారికి డబ్బా పొడుల అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు.

దీనివల్ల కలిగే మేలు ఎంత?

పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థమైన శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ గాని చేయాలని, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకైతే రోజుకు గంట. మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థం, రెండు మూడు మాటలకే ఊపిరి ఆగిపోతుంటే తీవ్రం. బ్యాగ్ మీద రెండు నిమిషాల రౌండు దాదాపు ఎప్పుడూ రెండో కోవలోకే వస్తుంది, కనుక పైన చెప్పిన మూడు గంటల్లో ఈ రెండు అవసరాలూ తీరుతాయి. గుండె, ఊపిరితిత్తుల శక్తి పెరగడం, రక్తపోటు, చక్కెర అదుపులో ఉండడానికి తోడ్పడడం ఇందులో నుంచే వస్తాయి.

దీనికే ప్రత్యేకమైన మేలు మాత్రం ఒంటికాలి మీద నిలకడ అని నా అభిప్రాయం. ప్రతి తన్నులోనూ ఒక కాలి మీద నిలబడి మరో కాలిని, నడుమును, రెండు చేతులను ఒకేసారి నడిపించాలి. కూర్చొని పనిచేసేవారిలో మొద్దుబారిపోయే తుంటి, నడుము కండరాలు దీంతో మేల్కొంటాయి. రైల్వేలో రాత్రి డ్యూటీలు చేసే ఒకాయన పగలు నిద్రపట్టక నా దగ్గరకు వచ్చారు. రెండు నెలలకు ఆయన చెప్పింది బరువు గురించి కాదు, మంచం మీద వాలితే నిద్ర పడుతోందని. బరువు తగ్గడం అన్నది తిండితో ముడిపడిన సంగతి. సాధన అయ్యాక నాలుగు బజ్జీలు తింటే కాలిన శక్తి తిరిగి వచ్చి కూర్చొంటుంది.

ఆత్మరక్షణ గురించి నిజాయితీగా చెప్పాలి. ఆరు నెలల సాధన మిమ్మల్ని కత్తి పట్టుకొన్నవాడి ముందు గెలిపించదు. దూరాన్ని అంచనా వేయడం, భయంలో బిగుసుకుపోకుండా ఊపిరి తీసుకోవడం, గట్టిగా అరవడం, తోసి పరుగెత్తి తప్పించుకోవడం, ఇవి మాత్రం వస్తాయి. బస్సులో వెనుక నుంచి తగులుతున్న చేతిని పట్టుకొని అందరికీ వినిపించేలా కేకవేసిన ఒక డిగ్రీ విద్యార్థిని నాకు ఆ సంగతి చెప్పింది. ఆమెకు ఒక్క గుద్దు కూడా అవసరం పడలేదు.

స్పారింగ్‌కు దిగేటప్పుడు

మూడు నాలుగు నెలలు గడిచి, చేతులు అలసిపోయినప్పుడు కూడా చెక్కిళ్ళ దగ్గరే ఉంటున్నాయని గురువు ఒప్పుకొన్న తరువాతే స్పారింగ్. మొదటి నెల తాకడమే గాని కొట్టడం లేదు. మీకన్నా బరువులో అయిదారు కిలోలకు మించి తేడా లేనివారితోనే చేయండి. పద్దెనిమిదేళ్ళ లోపువారికి నేను తల మీద దెబ్బలు అనుమతించను, ఎదిగే మెదడుకు పదేపదే తగిలే చిన్న దెబ్బలు కూడా మంచివి కావు. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, కళ్ళు మసకలు, అయోమయం, జరిగింది గుర్తులేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు ఇక సాధన లేదు. ఎంత బతిమాలినా తిరిగి దించకూడదు, డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి. స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

పోటీకి పేరు ఇవ్వాలని అనిపిస్తే, ముందు చాప మీది లైట్ కాంటాక్ట్ లేదా కిక్ లైట్‌తో మొదలుపెట్టండి. పోటీ నియమావళిని రాతపూర్వకంగా తీసుకొని చదవండి, బరువు విభాగాన్ని మీ సహజమైన బరువుకే ఎంచుకోండి, పోటీ స్థలంలో డాక్టరు ఉంటారో లేదో ముందే అడగండి. బరువు తగ్గడానికి నీళ్ళు మానేయడం, ప్లాస్టిక్ కోటు వేసుకొని ఎండలో పరుగెత్తడం మన వాతావరణంలో ప్రాణం మీదికి తెస్తుంది.

రోజూ ఇంటికి వచ్చాక చేతికట్టు పట్టీలను ఉతికి ఆరేయండి, గ్లవ్స్ లోపల పాత వార్తాపత్రిక ఉండలు కుక్కి గాలి తగిలేచోట పెట్టండి. మన ఉక్కకు తడి గ్లవ్స్ రెండు రోజుల్లో బూజు పట్టి, ఆ చేతులకు తామర అంటుకొంటుంది. పట్టీ ఆరాక మడత పెట్టకుండా, అంటించే చివర లోపలికి వచ్చేలా చుట్టచుట్టి ఉంచితే మరునాడు తెల్లవారుజామున ఉచ్చు నేరుగా మీ బొటనవేలికే అందుతుంది.